బావ పై అరలో పెట్టిన సీసా

మా బావ పేరు సత్యవేదం. మా దీవిలో, బతు బస్తీలో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇల్లు చూపించరు. సీసాల సత్యవేదం అంటే మాత్రం చేపలమ్మే దీదీ దగ్గర్నుంచి ఆటోవాడి దాకా అందరూ చెయ్యి చాపి చూపిస్తారు, చూపించి నవ్వుతారు. ఆ నవ్వు నాకు గిట్టదు. ఆయన్ని చూసి నవ్వే హక్కు మరదలిగా నాకొక్కదానికే ఉందని నా నమ్మకం. ముప్పయ్యేళ్ళు ఆ హక్కుని కడుపునిండా వాడుకున్నాను. ఈ ఆగస్టు నుంచి నోరు రావడం లేదు. అందుకే రాస్తున్నాను. మా అక్క దయావతి బైబిలు తప్ప ఇంకో కాగితం ముట్టదు గనక ఈ మాత్రం ధైర్యం చేస్తున్నాను.

బావ హార్బరు వర్కుషాపులో ఫిట్టరు. ఇప్పుడు రిటైరయ్యాడు. సునామీ వచ్చిన ఏడాది సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చింది, వచ్చి మళ్ళీ పోలేదు. వరి పండిన చోట ఉప్పునీళ్ళు నిలిచిపోయాయి. అందరూ పోయిన భూమిని చూసి ఏడుస్తుంటే బావ మాత్రం కోసుకుపోయిన గట్టులో ఒక సోడాసీసా మెడ చూశాడు. తెల్లవాళ్ళ కాలం నాటిది. లోపల గోళీ ఇంకా ఆడుతోంది. దాన్ని చొక్కాలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజు నుంచి ఆయనకి ఇంకో పిచ్చి పట్టలేదు.

నీరు బాగా దిగిన రోజు చూసుకుని గమ్‌బూట్లు వేసుకుని బయల్దేరతాడు. చేతిలో ఒక ఇనప ఊచ ఉంటుంది. మొన సానబెట్టి, పట్టుకునే చోట సైకిలు ట్యూబు చుట్టుకున్నాడు. దాన్ని బురదలో గుచ్చుకుంటూ నడుస్తాడు. రాయి తగిలితే ఊచ మొండిగా ఆగిపోతుందట, గవ్వ తగిలితే కరకరమంటుందట, గాజు తగిలితే మాత్రం పక్కకి జారుతుందట. "చెవితో కాదే పిల్లా, అరచేత్తో వినాల" అనేవాడు నాతో. నాకు యాభై దాటినా ఆయనకి నేనింకా పిల్లనే.

ఆ మూడు గదుల ఇంట్లో మనుషులకంటే సీసాలకే ఎక్కువ చోటు. సిరాబుడ్లు, జిన్ను సీసాలు, జపానువాళ్ళు తాగి పారేసిన గోధుమరంగు బీరు సీసాలు, ఊరగాయ జాడీలు అన్నీ ఇనప ర్యాకుల్లో గోడలంతా నిండిపోయాయి. వెనక గదిలో ర్యాకుల మధ్య మంచం మీద మా అమ్మ ఉండేది. ఎనభై నాలుగేళ్ళు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కిటికీలోంచి పొద్దుటెండ సీసాల మీద పడి ఆమె దుప్పటి మీద పచ్చగా, ఎర్రగా రంగులు వేస్తే చూసుకుని మురిసిపోయేది. "నా అల్లుడు నాకు చర్చి రంగుటద్దాలు పెట్టించాడే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మంచం పట్టిన అత్తని సొంత తల్లిలా ఎత్తి కూర్చోబెట్టేది బావే. ఆ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేదంతా అన్యాయమవుతుంది.

బావకి ఒక పెద్ద చాదస్తం ఉంది. వందేళ్ళు మట్టిలో ఉన్న గాజు మీద తెల్లటి పొర ఒకటి పేరుకుంటుంది. ఆయన దాన్ని పూత అంటాడు. గోరువెచ్చని నీళ్ళతో తొలిపి వదిలేస్తాడే గానీ ఆ పూతని చచ్చినా గోకనివ్వడు. ఒకసారి అక్క జాలిపడి ఒక జిన్ను సీసాని బూడిదతో తళతళలాడేలా తోమింది. బావ రెండు రోజులు అన్నం తినలేదు. "పూత పోతే అది సీసా కాదు, బజారు గ్లాసు" అని ఇరవయ్యేళ్ళు ఆవిడ చెవిలో పోరాడు. అక్క మొండిదే, కానీ ఆ పాఠం మాత్రం బాగా నేర్చుకుంది.

జులైలో తుష్నాబాద్ నుంచి ఫోనొచ్చింది. గవరయ్య అని బావతో వర్కుషాపులో పనిచేసినాయన, అక్కడ పోకతోట పెట్టుకున్నాడు. వానకి తోట వెనక కొండచరియ జారిందట.

"భయ్యా, నీ సామాను బయటపడినాది. తొందరగా వచ్చీ. మా ఆడోళ్ళు ఆ చోటికి రామంటన్నారు" అన్నాడు.

"ఏటి, పాములా?"

"పాములూ లేవు, పురుగులూ లేవు. అదే భయం. ఆ గుంట పక్కన మూడు చెట్లు నేను తోట కొన్నకాడి నుంచీ కాపు కాయలేదు."

బావకి ఇలాంటి మాటలు ఎక్కవు. మర్నాడే వెళ్ళి పాత ఇటుక పునాది పక్కన ఏడు సీసాలు తవ్వుకొచ్చాడు. చిక్కటి నీలం రంగు, ఆరు పలకలు. మూడు పలకలు నున్నగా ఉన్నాయి, మూడింటి మీద నిలువుగా గట్లు గట్లుగా గీతలున్నాయి. ఆరింటికి మూతల్లేవు. ఏడోదానికి గాజు మూత కూడా ఉంది. చూపించాలని నన్ను పిలిచాడు. అక్క వంటింట్లో ఉంది.

నేను ఒకటి చేతిలోకి తీసుకున్నాను, తీసుకున్నదాన్ని వెంటనే కింద పెట్టేశాను. నేను మందుల షాపులో ముప్పయ్యేళ్ళుగా పనిచేస్తున్నాను. నాకు పని నేర్పింది గురునాథం గారని ముసలి కాంపౌండరు. ఆయన దగ్గర ఇలాంటిదే ఒకటి ఉండేది. "ఇది చూసే సీసా కాదమ్మా, తడిమే సీసా. దీపం లేని వేళ మందనుకుని తీసినవాడి వేళ్ళకి తెలియాలి, లోపలున్నది విషమని" అని నా వేళ్ళు పట్టుకుని ఆ గట్ల మీద రాయించారు. వేళ్ళు ఆ పాఠం మర్చిపోలేదు.

"బావా, ఇవి విషం సీసాలు" అన్నాను గొంతు తగ్గించి.

"తెలుసు. ఫోన్లో చూసినాను. ఖాళీవే కదే, కడిగీసినాను."

"ఇది కడగలేదే?" ఏడోదాన్ని వెలుతురుకి పట్టి చూపించాను. అడుగున రూపాయి బిళ్ళ మందాన తెల్లటి గడ్డ అంటుకుని ఉంది.

"అది పూత."

"పూత కాదు, సరుకు. పూత ఇంత మందం ఉంటదేటి? కొంచెం బుర్ర వాడు."

"గాజు గురించి నాకు చెప్తన్నావా నువ్వు?"

"పొడుల గురించి నాకు చెప్తన్నావా నువ్వు?"

అంతటితో ఇద్దరికీ ఒళ్ళు మండింది. కడిగెయ్యమన్నాను, లేకపోతే పాతిపెట్టమన్నాను. ఆయన మూతున్న సీసాని పసిబిడ్డలా గుండెకి హత్తుకున్నాడు. చివరికి తనే దిగొచ్చాడు. తలుపు పైనున్న అరలో, ఎవరికీ అందని ఎత్తులో ఏడూ పెడతానన్నాడు. తర్వాత వంటింటి వైపు చూసి, "మీ అక్కకి చెప్పకే. విషమన్న మాట చెవిన పడితే ర్యాకులన్నీ చెత్తబండి ఎక్కుతాయి. మీ యమ్మ రంగులు కూడా పోతాయి" అన్నాడు.

అది నిజమే. అక్క అంతా ఊడ్చి పారేస్తుంది. ఆయన మొహం చూస్తే జాలేసింది, సరేనన్నాను. ఇన్నేళ్ళుగా నా నోటికి ఊళ్ళో ఎవరూ ఆగరు. మాట్లాడాల్సిన ఒక్క చోట నోరు మూసుకున్నాను. పైగా కోపంతో మూడు వారాలు ఆ గడప తొక్కలేదు. అమ్మని చూడాలనిపించినా బింకం పోలేదు.

మా తెలుగు చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. అందరం రొట్టెముక్క, ద్రాక్షరసం తీసుకుంటాం. ఆ రసం కొనం. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పిండి, వడకట్టి శనివారం రోజే చేసి చర్చిలో ఇస్తాం. నెలకో ఇంటి వంతు. ఆగస్టు వంతు మా అక్కది. రసం పోసే చర్చి జగ్గు ముందు వారమే పాస్టరమ్మగారి చేతిలో జారి పగిలింది. ఇవేవీ నాకు తెలియవు, అలిగి కూర్చున్నాను కదా.

ఆదివారం ఎనిమిదింటికే చర్చికి వెళ్ళాను, పూలు సర్దే పని నాది. వెనక గదిలో బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద రొట్టె, పక్కన నీలం సీసా. దాదాపు నిండా రసం. నీలంలో ఆ రసం నల్లగా కనిపించింది. దూరం నుంచే అనుమానం వచ్చింది. దగ్గరికెళ్ళి పట్టుకునేసరికి వేళ్ళ కింద గట్లు తగిలాయి. మూత కూడా ఉంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తి చూశాను. అడుగున తెల్ల గడ్డ లేదు. శుభ్రంగా, నున్నగా నీలంగా ఉంది. నిజంగా గాజు పూతే అయితే పుల్లటి రసంలో రాత్రికి రాత్రే కరిగిపోదు. ఇంకో గంటన్నరలో డెబ్భైమంది దీన్ని తాగబోతున్నారు, చంటిబిడ్డల తల్లులతో సహా.

పాస్టరమ్మగారు లోపలికొచ్చారు. విషమని అరిస్తే సరిపోయేది. కానీ అరిస్తే బావ పేరు బతు బస్తీలో ఏమవుతుందో అన్న ఆలోచన అంతకంటే ముందొచ్చింది.

"అమ్మగారూ, రసం పులిసిపోయిందండి" అన్నాను.

ఆవిడ వాసన చూశారు. "లేదే జూడీ, బాగానే ఉంది."

"పులిసిందని చెప్తన్నాను కదండీ! మందుల షాపులో ముప్పయ్యేళ్ళు వాసనలు చూసినదాన్ని, నాకు తెలీదా?" అని ఆవిడ మీద గయ్యిమన్నాను. బిత్తరపోయి సీసా వదిలేశారు. తీసుకెళ్ళి దొడ్డిలో పారబోశాను. ఇసకతో, సబ్బుతో మూడుసార్లు తోమాను. బయట షాపులో ద్రాక్ష షర్బతు కొనుక్కొచ్చి స్టీలు గిన్నెలో కలిపాను. గండం గడిచిందనుకుని దొడ్డి గట్టు మీదే కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను.

పాస్టరమ్మగారు గుమ్మంలో నిలబడి బాధపడుతున్నారు. "అయ్యో, తెలీక అయ్యగారు పొద్దున్నే ఆ రసమే పట్టుకెళ్ళి మీ అమ్మగారికి ఇచ్చి వచ్చారే! కడుపులో ఏమీ చెయ్యదు కదా?"

మంచాన ఉన్నవాళ్ళకి ఆరాధనకి ముందే పాస్టరు అయ్యగారు ఇంటికెళ్ళి బల్ల ఇవ్వడం మా చర్చిలో ఎప్పుడూ ఉన్నదే. ఆ ఆదివారం అలా ఇవ్వాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు.

ఆటోలో ఎలా వెళ్ళానో గుర్తులేదు. ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉంది. అమ్మ రెండు దిళ్ళకి ఆనుకుని కూర్చుంది. అక్క తెల్లచీర కట్టుకుని తయారైంది. బావ వాచీ పెట్టుకుంటున్నాడు.

"వచ్చినావా మహాతల్లీ!" అంది అక్క. "ఇన్నాళ్ళకి కోపం దిగిందేటి? అమ్మ ఈ రోజు ఎంత హుషారుగా ఉందో చూడు. రసం తియ్యగా ఉందని ఇంకొంచెం అడిగి మరీ తాగింది. అయ్యగారు చిన్న గ్లాసు నిండా ఇచ్చారు."

"మీ అక్క చెయ్యి మంచిదే" అంది అమ్మ, ఒకవైపు లాగేసిన మూతితో నవ్వుతూ.

నేను తలుపు పైకి చూశాను. అరలో ఆరే ఉన్నాయి. నేను చూడడం బావ చూశాడు. ఆయన కూడా తలెత్తాడు. వాచీ చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయాడు.

"మీ ఇద్దరికీ ఏటైంది?" అంది అక్క. ఆయన చూపు పట్టుకుని తనూ అర వైపు చూసి ఫక్కున నవ్వింది. "ఓ, సీసా గురించా? నిన్న మీరు తుష్నాబాద్ పోయినాక స్టూలు వేసుకుని తీసినాను. మూతున్నది అదొక్కటే. దేవుని సొత్తుకి అందమైనది పెట్టొద్దా? భయపడకండి, మీ పూత ముట్టుకోలేదు. గోరువెచ్చని నీళ్ళతో తొలిపినాను, అంతే."

అమ్మ హుషారు చూసి, ఏమీ కాదేమోనని ఆశపడి నేనూ బావా ఆ మాట బయటపెట్టలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటగానే అమ్మకి వాంతులు మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఏం తిందని డాక్టరు అడిగాడు. అక్క నా పక్కనే అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. "పాత సీసాలో పోసిన రసం తాగింది. సరిగ్గా కడగలేదేమో" అన్నాను. అందులో అబద్ధం లేదు. నిజం కూడా సగమే ఉంది. బావ ఏదో చెప్పబోతే ఆయన మణికట్టు గట్టిగా నొక్కాను.

వరండాలో కుళాయి దగ్గర నన్ను పట్టుకున్నాడు. "నేను పోయి చెప్పీస్తాను జూడీ. విషం సీసా అని చెప్పీస్తాను."

"చెప్తే, ఎవరు పోశారని అడుగుతారు."

"నేనే పోసినానంటాను."

"నువ్వు తుష్నాబాద్‌లో ఉన్నావని బస్సంతా చూసింది. అయినా అక్క ఊరుకుంటదా? నేను పోశానని తనే ముందు చెప్తది. తర్వాత బతుకుతదా బావా, అది?"

ఆయన మొహం కడుక్కుని, కుళాయి కట్టేసి లోపలికి నడిచాడు.

సోమవారం పొద్దున్నకి అమ్మ చేతులు చల్లబడ్డాయి. అప్పుడిక భరించలేక డాక్టరు గదిలోకి ఒక్కదాన్నే వెళ్ళి మొత్తం చెప్పేశాను. "ఈ మాట నిన్న మధ్యాహ్నం చెప్పాల్సింది" అన్నాడు. మందులు మార్చాడు. సీసా తెమ్మన్నాడు. తెచ్చాను. నేనే తోమిన సీసా, కొత్తదానిలా మెరుస్తోంది. అందులో చూడడానికి ఇంకేమీ మిగల్లేదు. మంగళవారం తెల్లారేసరికి అమ్మ పోయింది. వయసు, పాత పక్షవాతం, వాంతులు, గుండె అని కాగితం మీద రాశాడు. రుజువు లేని మాట రాయలేనన్నాడు. ఆ పద్దెనిమిది గంటలు ముందే చెప్పి ఉంటే అమ్మ బతికేదా అని అడిగాను. ఆయన కాగితం నా వైపు తోసి సంతకం చెయ్యమన్నాడు.

సమాధి దగ్గర అందరూ ఒకటే మాట. ఎంత అదృష్టవంతురాలు, ప్రభు బల్ల తీసుకుని మరీ పోయింది, అలాంటి చావు ఎవరికి దొరుకుతుంది అని. అక్క ఏడుస్తూనే అందరికీ చెప్పుకుంది, "నా చేత్తో చేసిన రసమే అమ్మ ఆఖరిసారి తాగింది" అని. ఆ ఒక్క మాటే ఆమెని నిలబెడుతోంది. నేను, బావ పక్కపక్కనే నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

బావ అప్పటి నుంచి తవ్వడానికి వెళ్ళడం లేదు. గవరయ్య ఫోను చేస్తే ఎత్తడు. మిగిలిన ఆరు సీసాలు ఏం చేశాడో నేను అడగలేదు. ఏడోది మాత్రం మా ఇంట్లో పాత పేపర్లో చుట్టి దాచాను, పగలగొట్టాలని. పగలగొట్టేలోపే అక్క వచ్చింది.

"ఆ సీసా నాకు ఇచ్చీవే" అంది. "వచ్చే నెల వంతు కూడా నాకే కావాలని పాస్టరమ్మగారిని అడిగినాను, అమ్మ పేరు మీద. అందులోనే పోస్తాను. ఇంక ఎప్పటికీ చర్చికి అదే సీసా."

వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెప్పలేను. బావతో ఫోన్లో మాట్లాడాను. "ఇచ్చీ" అన్నాడు.

దాన్ని పెద్ద గిన్నెలో రెండు గంటలు మరగబెట్టి ఇచ్చాను. అది శుభ్రంగా ఉందని నాకు తెలుసు. మా షాపులో ఏ సీసా అంత శుభ్రంగా ఉండదు.

సెప్టెంబరు మొదటి ఆదివారం మేము ముగ్గురం ఒకే బెంచీలో కూర్చున్నాం. బల్లకి ముందు అయ్యగారు ప్రతిసారీ హెచ్చరిస్తారు. మనసులో దాచుకున్న పాపం ఉంటే ముందు ఒప్పుకోండి, ఒప్పుకోకుండా ఈ గిన్నె ముడితే తీర్పు మీ మీదకే తెచ్చుకుంటారు అని. యాభై ఏళ్ళుగా ఆ మాట వింటూ పూలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసుకునేదాన్ని. ఆ రోజు ప్రతి అక్షరం వినపడింది. తీసుకోకుండా కూర్చుంటే చర్చి అంతా చూస్తుంది, అందరికంటే ముందు అక్క చూస్తుంది.

ట్రే మా బెంచీకి వచ్చింది. బావ చిన్న గ్లాసు ఎత్తాడు. నా వైపు చూడలేదు, కళ్ళు మూసుకుని తాగేశాడు. నేనూ తాగాను.

అక్క ముందుకి వంగి మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. అమ్మ పోయాక ఆమె మొహంలో వెలుగు చూడడం అదే మొదటిసారి.

"ఎలాగుందే?" అంది గుసగుసగా.

"తియ్యగా ఉందక్కా" అన్నాను.